దారికి దాని హక్కు ఇద్దాం

వీధి ఎవరిదని మన ఊళ్లలో ఎవరినడిగినా అందరిదీ అంటారు. ఆచరణలో చూస్తే అది వేగంగా వచ్చినవాడిదే అవుతోంది. మెయిన్ రోడ్డు మీద రద్దీ పెరిగేకొద్దీ మోటారు సైకిళ్లు, ఆటోలు, ఇసుక ట్రాక్టర్లు, స్కూలు బస్సులు ఇళ్ల మధ్య వీధుల్లోకి అడ్డదారి వెతుక్కుంటున్నాయి. గడప దాటితే నేరుగా రోడ్డు మీదే కాలు పెట్టాల్సిన ఇళ్లున్న వీధులివి. అరుగు మీద కూర్చునే నానీమా, ఖాయిదా చంకన పెట్టుకుని మక్తబ్‌కు వెళ్లే పిల్లవాడు, పాల ప్యాకెట్ కోసం కొట్టుకు పరుగెత్తే ఆడపిల్ల - అందరూ బళ్ల మధ్యే దారి చేసుకోవాల్సి వస్తోంది.

తెనాలి పట్టణం మధ్యగా మూడు కాలువలు పోతున్నాయి. వాటికి తోడు రైలు పట్టాలు. కాలువ దాటాలన్నా, పట్టాలు దాటాలన్నా కొన్ని వంతెనలు, కొన్ని దారులే దిక్కు. అక్కడ ఆగిపోయిన బండి పక్క వీధిలోకి తిరగడం సహజం. చుండూరు లాంటి మండల కేంద్రాల పరిస్థితి మరో రకం. అక్కడి వీధి కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్ల దారి, ఎండ కాసిన రోజున పంట ఆరబోసుకునే కళ్లం, సాయంత్రం పిల్లల ఆటస్థలం, రాత్రి పెద్దలు మంచాలు వేసుకునే చోటు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో చుండూరు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లా మారినా ఆస్పత్రికైనా, బట్టల కొట్టుకైనా, కాలేజీకైనా జనం ప్రయాణం తెనాలి వైపే సాగుతోంది. కనుక ఈ సమస్య పట్టణానిదీ, పల్లెదీ కూడా.

దీన్ని చిన్న విషయమనుకోరాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది నడిచి వెళుతున్నవారే. అంటే రోజుకు దాదాపు 90 మంది. వారు బండి ఎక్కలేదు, ఎవరితోనూ పందెం వేయలేదు. కేవలం నడిచారు. వేగం పెరిగేకొద్దీ దెబ్బ తగిలినవాడు బతికే అవకాశం ఎంత త్వరగా తగ్గిపోతుందో నిపుణులు ఏనాడో తేల్చారు. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు మించరాదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోం నగరంలో సమావేశమైన వివిధ దేశాల మంత్రులు ప్రకటించారు. మన వీధుల్లో ఆ పరిమితిని పాటిస్తున్న కుర్రాళ్లు ఎందరో పాఠకులే చెప్పగలరు.

ఇటువంటి ఇబ్బంది వచ్చినప్పుడు మన దగ్గర రెండే దారులు కనబడతాయి. ఒకటి, అర్జీ రాసి కార్యాలయంలో ఇచ్చి, సంవత్సరాల తరబడి ఎదురుచూడటం. రెండు, ఎవరికి వారే వీధికి అడ్డంగా ఇటుకలు పేర్చి, సిమెంటు పోసి, దిమ్మ కట్టేయడం. మొదటిదాని వల్ల పని జరగదు. రెండోదాని వల్ల తగాదా జరుగుతుంది. ఈ రెంటికీ మధ్య మూడో దారి ఒకటుంది. దర్జీ గుడ్డ కత్తిరించగానే గట్టి కుట్టు వేసేయడు. ముందు కచ్చా కుట్టు వేసి, తొడిగించి చూసి, బిగువైన చోట వదులు చేసి, ఆ తర్వాతే మిషను మీద పెడతాడు. వీధి విషయంలోనూ ఇదే పద్ధతి పాటించవచ్చు. రాకపోకల్లో ఒక మార్పును కొద్ది రోజులకు మాత్రమే అమలు చేసి, లెక్క చూసి, వీధిలోని వారిని అడిగి, ఆ తర్వాతే ఉంచడమో తీసేయడమో నిర్ణయించాలి.

దీనికి చట్టం అడ్డురాదు సరికదా, తోడ్పడుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 115వ సెక్షన్, ప్రజల భద్రత కోసమో సౌకర్యం కోసమో అవసరమనుకున్నప్పుడు ఏదైనా రోడ్డు మీద వాహనాలను నిషేధించే లేదా పరిమితం చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికీ, ప్రభుత్వం ఆ అధికారమిచ్చిన వారికీ ఇచ్చింది. మామూలుగా ఇందుకు గెజిట్‌లో ప్రకటన వేయాలి. అయితే ఆ ఆంక్ష ఒక నెలకు మించకుండా ఉంటే గెజిట్ ప్రకటన అవసరం లేదనీ, స్థానికంగా తగిన ప్రచారం చేస్తే చాలుననీ అదే సెక్షన్ చెబుతోంది. అంటే ఒక నెలపాటు చేసి చూడటానికి చట్టమే తలుపు తెరిచి ఉంచింది. ఆ తలుపు తట్టేవారే లేరు.

వీధిని కొద్దిసేపు మార్చడం మనకు కొత్త కూడా కాదు. ఏటా రంజాన్ చివరి శుక్రవారం జుమ్అతుల్ విదా నాడు హైదరాబాద్ మక్కా మసీదు చుట్టూ వాహనాలను మళ్లిస్తారు. మదీనా కూడలి నుంచి చార్మినార్ దాకా ఆ కాసేపు నడిచేవారిదే రాజ్యం. నెల్లూరు బారా షహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగకూ, విజయవాడలో 2016 ఆగస్టు నాటి కృష్ణా పుష్కరాలకూ దారులు మళ్లించారు. ఇక పెళ్లికీ, వలీమాకూ, సంతాప సభకూ మనం వీధికి అడ్డంగా వేసే షామియానాల సంగతి చెప్పనక్కరలేదు. ఎవరినీ అడగకుండా వీధి మూయడం మనకు బాగా వచ్చు. అడిగి, తేదీ చెప్పి, లెక్క చూసి మూయడమే ఇంకా నేర్చుకోవలసి ఉంది.

హైదరాబాద్‌లో జరిగిన ఒక ప్రయత్నాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. హుస్సేన్ సాగర్ కట్ట మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపితే కుటుంబాలు హాయిగా తిరుగుతాయి కదా అని 2021లో ఒక పౌరుడు విన్నవించగా, నాటి పురపాలక మంత్రి కె.టి.రామారావు ఆ సూచనను పోలీసుల ముందుంచారు. ఆగస్టు 29 నుంచి ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రం కొన్ని గంటలపాటు వాహనాలు నిలిపివేశారు. జనం విరగబడి వచ్చారు. అదే ఏడాది అక్టోబరులో చార్మినార్ వద్ద కూడా 'ఏక్ షామ్ చార్మినార్ కే నామ్' పేరుతో అటువంటి సాయంత్రాలే మొదలయ్యాయి. ఒక్క విన్నపంతో, కొన్ని అడ్డుకట్టలతో, పెద్ద ఖర్చు లేకుండా ఒక రోడ్డు స్వభావం మారిందన్న మాట.

అయితే ఇందులోని మరో పాఠాన్ని మరచిపోరాదు. వాహనాలు లేని ప్రశాంతమైన చోటుగా మొదలైనది బ్యాండు మేళాలతో, దుకాణాలతో తిరునాళ్లుగా మారింది. చెరువు కట్టకు అది శోభ కావచ్చు. ఇళ్ల మధ్య వీధికి మాత్రం అది మరో బాధ. పరీక్షకు హాజరయ్యే పిల్లలూ, మంచాన పడ్డ రోగులూ ఉన్న వీధికి కావలసింది సందడి కాదు, నిమ్మళం. ఒక చోట నచ్చిన మందును మరో చోట గుడ్డిగా వాడరాదు.

1591లో కట్టిన చార్మినార్ చుట్టూ వాహనాలు లేకుండా చేయాలన్న ఆలోచన 1990ల నాటిది. పొగ వల్లా అదురు వల్లా కట్టడం దెబ్బతింటోందన్నది అందుకు ఒక కారణం. రాళ్లు పరవడం, చుట్టు దారులు వెడల్పు చేయడం, ఆగడం, మళ్లీ మొదలుపెట్టడం - ఇలా ఆ పని ఏళ్ల తరబడి సాగింది. లాడ్ బజార్ గాజుల కొట్ల వారికీ, పత్థర్‌గట్టి వ్యాపారులకూ, బండి పెట్టుకుని పండ్లు అమ్ముకునేవారికీ ఎవరి భయం వారిది. గిరాకీ తగ్గుతుందేమో, మన చోటు పోతుందేమో అన్న ఆందోళన వారిలో ఉండటం న్యాయమే. పెద్ద పథకాన్ని కాగితం మీద గీసి ఒక్కసారిగా దించాలని చూస్తే ఆ భయాలు పెరుగుతాయి. అదే మార్పును చిన్న ముక్కలు చేసి ఒక్కొక్కటీ కొన్ని వారాలు చేసి చూపిస్తే, ఏ భయం నిజమో ఏది అపోహో అందరికీ కళ్ల ముందే తేలిపోతుంది.

ఇతర దేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల మీద రుసుము వేయాలని తలపెట్టినప్పుడు జనంలో ఎక్కువమంది వ్యతిరేకించారు. అక్కడి పాలకులు మొండిగా అమలు చేయనూ లేదు, భయపడి మానుకోనూ లేదు. 2006 జనవరి 3 నుంచి జూలై 31 వరకు చేసి చూశారు. నగరంలోకి వచ్చే వాహనాలు సుమారు అయిదో వంతు తగ్గాయి. జూలైతో రుసుము ఆపేయగానే రద్దీ మళ్లీ పెరిగింది. తేడా జనానికి అనుభవంలోకి వచ్చింది. సెప్టెంబరులో ఓటింగ్ పెడితే నగరవాసుల్లో ఎక్కువమంది దాన్ని ఉంచమన్నారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. వాదనలతో మారని మనసులు అనుభవంతో మారాయి.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ లండన్‌లో ఉంది. 2020లో కరోనా కాలంలో అక్కడి అనేక పేటల్లో ఇళ్ల మధ్య వీధుల గుండా కార్లు దూసుకుపోకుండా పూలకుండీలు, అడ్డుకట్టలు పెట్టారు. ఆ దేశ చట్టం ప్రకారం ఇలాంటి ప్రయోగ ఉత్తర్వు 18 నెలలు మించి ఉండరాదు. అభ్యంతరాలు చెప్పుకోవడానికి మొదటి ఆరు నెలలు గడువుంటుంది. పద్ధతి మంచిదే. కానీ చాలా చోట్ల ముందు అడ్డుకట్ట పెట్టి, తర్వాత జనాన్ని అడిగారు. అంబులెన్సులకు ఆలస్యమవుతోందని, పక్క రోడ్ల మీద బరువు పడుతోందని గొడవలు లేచాయి. వాండ్స్‌వర్త్ అనే పేటలో కొన్ని వారాలకే, 2020 సెప్టెంబరులో, ఆ ప్రయోగాలను నిలిపివేశారు. మరికొన్ని చోట్ల అవే ఏర్పాట్లు నిలదొక్కుకున్నాయి. తేడా అడ్డుకట్టలో మాత్రమే లేదు, అడిగిన తీరులోనూ ఉంది.

ఈ అనుభవాల వెలుగులో మన వీధుల్లో ఏం చేయవచ్చో కొన్ని సూచనలు చేస్తున్నాము.

మొట్టమొదట లెక్క కావాలి. మార్పు చేయబోయే ముందు ఒక వారంపాటు ఉదయం బడివేళ ఒక గంట, సాయంత్రం ఒక గంట ఆ వీధిలోకి వచ్చే వాహనాలను లెక్కపెట్టాలి. అందులో వీధిలో ఆగేవెన్ని, ఆగకుండా అవతలికి పోయేవెన్ని అన్నది విడిగా రాయాలి. ఇది ఇంజనీర్లే చేయనక్కరలేదు. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు అరుగు మీద కూర్చుని నోటుబుక్కులో గీతలు గీస్తే చాలు. పక్క వీధిలో కూడా అదే లెక్క తీయాలి. లేకపోతే మన వీధి బాధను పక్కవారి గుమ్మంలోకి నెట్టి, సమస్య తీరిందని సంబరపడే ప్రమాదం ఉంది. అది పొరుగువారి హక్కును కాజేయడమే అవుతుంది.

రెండోది, ఒకసారి ఒకే మార్పు చేయాలి. బడివేళల్లో మాత్రం ట్రాక్టర్లు, లారీలు రాకుండా చూడటమా, వీధిని వన్‌వే చేయడమా, ఒక చివర నీళ్ల డ్రమ్ములు పెట్టి నడిచేవారికీ సైకిళ్లకూ మాత్రమే దారి వదలడమా అన్నది ముందే తేల్చుకోవాలి. అన్నీ ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో తెలియదు. ఏ అడ్డుకట్ట అయినా ఒక్క మనిషి పక్కకు జరపగలిగేదిగా ఉండాలి. 108 అంబులెన్సు, ఫైరింజను, గ్యాస్ బండి, జనాజా, వికలాంగుల వాహనం - వీటికి ఏ వేళనైనా దారి ఉండాలి. డ్రమ్ము జరిపే బాధ్యత ఎవరిదో, వారి ఫోన్ నంబరేదో బోర్డు మీద రాయాలి.

స్పీడ్ బ్రేకర్ల విషయంలో ప్రత్యేకంగా ఒక మాట. మన వీధుల్లో కొందరు మోకాలెత్తు దిమ్మలు కడుతున్నారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తుండి, 3.7 మీటర్ల వెడల్పున నెమ్మదిగా ఎక్కి దిగేలా ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి దాని మీదుగా కుదుపు లేకుండా పోగలగాలి. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ అన్నదే ఇందులోని సూత్రం. ఇరుకుగా, నిటారుగా కట్టిన దిమ్మ ఆటోలో ఆస్పత్రికి వెళ్లే గర్భిణికీ, నడుము నొప్పి ఉన్న పెద్దవారికీ శిక్ష. రాత్రిపూట కనబడకపోతే అదే ఒక ప్రమాదం.

మూడోది, మొదలయ్యే తేదీతోపాటు ముగిసే తేదీ కూడా చెప్పాలి. మన దేశంలో తాత్కాలికం అన్న మాట మీద నమ్మకం పోవడానికి కారణం, తాత్కాలికంగా వచ్చినవి చాలావరకు పోకపోవడమే. ముప్పై రోజులన్నారంటే ముప్పయ్యొకటో రోజున డ్రమ్ములు లేవాలి. ఫలితం బాగున్నా సరే, ఒకసారి తీసి చూపాలి. అప్పుడే తేడా తెలుస్తుంది, అప్పుడే మాట మీద నమ్మకం కలుగుతుంది. గెలుపు అంటే ఏమిటో కూడా ముందే రాసుకోవాలి. ఆగకుండా పోయే బళ్లు సగానికి తగ్గాలా, పిల్లలు ఒంటరిగా బడికి నడిచి వెళ్లగలగాలా, పక్క వీధిలో రద్దీ ఎంతవరకు పెరిగినా సహించవచ్చు - ఈ గీతలు పరీక్ష తర్వాత గీస్తే ఎవరికి అనుకూలంగా వారు గీసుకుంటారు.

నాలుగోది, మష్వరా. అడగడమంటే నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టి టీ తాగించడం కాదు. కిరాణా కొట్టు యజమానిని అడగాలి, తోపుడు బండి వాడిని అడగాలి, ఆ దారిన రోజుకు పదిసార్లు తిరిగే ఆటో డ్రైవర్‌ను అడగాలి. అతను శత్రువు కాడు, పెట్రోలు ఖర్చు తగ్గించుకోవడానికి అడ్డదారి పట్టినవాడు. రెండు మలుపులు ఎక్కువైతే అతనికి రోజుకు ఎంత నష్టమో వినాలి. అన్నిటికంటే ముందు ఇంట్లో ఉండే స్త్రీలను అడగాలి. పిల్లవాడిని ఏ వేళ బయటికి పంపడానికి భయపడుతున్నారో, ఏ మలుపు దగ్గర గుండె గుబేలుమంటుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సభకు రాలేని వారి దగ్గరకు సభే వెళ్లాలి. మసీదులోనూ, గుడిలోనూ, చర్చిలోనూ మైకు ద్వారా ఒకే ప్రకటన చదివించాలి. ఆ తర్వాత పంచాయతీ లేదా మునిసిపాలిటీ తీర్మానంతో, పోలీసుల అనుమతితో పని మొదలుపెట్టాలి. సొంత పెత్తనం పనికిరాదు.

చుండూరు పేరు చెప్పి ఈ మాట అంటున్నప్పుడు 1991 ఆగస్టు 6ను మరచిపోవడం సాధ్యం కాదు. ఆనాడు అక్కడ ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. ఊరిలో ఎవరు ఎక్కడ నడవాలో, ఎక్కడ కూర్చోవాలో బలమున్నవారు నిర్ణయించే స్థితి ఏ దారుణానికి దారితీయగలదో దేశానికి తెలిసింది. డ్రమ్ములు పెట్టే చిన్న పనికీ ఆ పెద్ద విషాదానికీ పోలిక తేవడం మా ఉద్దేశం కాదు. కానీ ఒక వీధికి అడ్డు పెట్టడమంటే, రావద్దని ఎవరికో చెప్పడమే. ఆ 'ఎవరో' ఎప్పుడూ ఒకే వాడవారు, ఒకే వర్గంవారు కాకుండా చూసుకోవాలి. బళ్ల వేగాన్ని ఆపే అడ్డుకట్ట మనుషులను ఆపే అడ్డుకట్టగా మారిన రోజున దాన్ని తక్షణం పీకేయాలి.

ఇక మన సంగతి. దారి గురించి మన ధర్మం చెప్పినంత వివరంగా చెప్పిన బోధలు అరుదు. విశ్వాసానికి డెబ్బైకి పైగా శాఖలున్నాయనీ, బాధ కలిగించే వస్తువును బాట నుంచి తొలగించడం వాటిలో చివరిదనీ దైవప్రవక్త (స) బోధించారు. బాటల మీద కూర్చోవద్దని వారించి, తప్పదని సహచరులు చెప్పినప్పుడు, అయితే దారికి దాని హక్కు ఇవ్వమన్నారు. చూపులు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని చెప్పి చెడును వారించడం ఆ హక్కులని వివరించారు. దారి వెడల్పు మీద తగాదా వస్తే ఏడు మూరలు వదలమన్న బోధ కూడా హదీసుల్లో ఉంది. ఏడు మూరలంటే సుమారు పది అడుగులు. పూర్వపు ముస్లిం నగరాల్లో ముహ్‌తసిబ్ అనే అధికారి తూకాలను తనిఖీ చేసినట్టే, బాట మీదికి జరిగిన అరుగులనూ తొలగించేవాడు.

ఇంతటి బోధ ఉన్న మనం జుమా నాడు మసీదు ముందు ఎలా ప్రవర్తిస్తున్నామో ఆలోచించాలి. ఖుత్బా మొదలవుతోందన్న తొందరలో మోటారు సైకిళ్లను అడ్డదిడ్డంగా వదిలి లోపలికి వెళుతున్నాము. ఆ గంటసేపు వీధిలో ఏడు మూరలు కాదు కదా, రెండు మూరల దారి కూడా మిగలడం లేదు. ఎదురింటివారికి అర్జెంటుగా ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే వారు మనలో ఎవరిని పిలవాలి? అందరూ నమాజులో ఉంటారు. ఒక విధిని నెరవేర్చడానికి వచ్చి పొరుగువారి హక్కును తొక్కడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

కనుక మొదటి పరీక్ష మన గుమ్మం ముందే జరగాలన్నది మా సూచన. మసీదు కమిటీలు వచ్చే నాలుగు జుమాలను ఎంచుకోవాలి. అర కిలోమీటరు లోపు ఇళ్లున్నవారు నడిచి రావాలి. మసీదుకు వేసే ప్రతి అడుగుకూ పుణ్యముందని మనకు తెలుసు. దూరం నుంచి వచ్చేవారి బళ్లకు దగ్గరలోని ఖాళీ స్థలం, యజమాని అనుమతితో, చూపించాలి. వీధికి ఒక పక్క సున్నంతో గీత గీసి, అది దాటి ఏ బండీ నిలపకుండా ఇద్దరు యువకులను నిలబెట్టాలి. వారు ఖుత్బా మొదలయ్యేలోపే పని ముగించుకుని జమాఅత్‌లో చేరవచ్చు. నాలుగో జుమా తర్వాత ఎదురిళ్లవారిని, వారు ఏ మతంవారైనా సరే, వెళ్లి అడగాలి: మీకు దారి దొరికిందా? మార్చవలసింది ఏమైనా ఉందా? వారు చెప్పింది రాసుకోవాలి.

ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. ఇది చేసి చూపిన తర్వాత మునిసిపల్ కార్యాలయానికో పంచాయతీకో వెళ్లి, మా వీధిలో బడివేళ ఒక నెల పరీక్ష పెట్టండని అడిగితే ఆ మాటకు బరువుంటుంది. తన బండిని పక్కకు తీసినవాడికే ఇతరుల బండిని తీయమని చెప్పే హక్కు వస్తుంది.